బావికి రావలసిన సిమెంటు

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మోయగా మోయగా బరువు తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే, పాతసంగతి, పోనీలే అంటారు. ఆ మాట నాకు వద్దు.

మద్రాసు నుంచి మన రాష్ట్రం విడిపోయిన కొత్తలో నేను ఉదయగిరిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని. ఆఫీసు పేరు చెప్పను. పల్లెలు బాగుచేయడం మా పని. బాగుచేస్తున్నట్టు కనబడటం అంతకన్నా ముఖ్యమైన పని అని మా ఆఫీసరుకు పైవాళ్ళు చెప్పి ఉంటారు. మన పథకానికి ఒక చిహ్నం ఉండాలయ్యా, జనం ఎటు తిరిగినా అదే కనబడాలి అన్నాడాయన. నాకు చిన్నప్పటి నుంచీ బొమ్మల పిచ్చి. నాగలి, దీపం, వరికంకి, చుట్టూ ఒక చక్రం గీసి ఇచ్చాను. ఎద్దును కూడా పెట్టమన్నాడు. పెట్టాను. ఎద్దులు ఒక పార్టీవాళ్ళ ఎన్నికల గుర్తు, తీసెయ్యమన్నాడు. తీసేశాను. కంకి వంగి ఉంటే నీరసంగా ఉందన్నాడు. నిలబెట్టాను. గింజ పట్టిన కంకి వంగుతుందనీ, తాలు కంకే నిటారుగా నిలబడుతుందనీ ఆ ఆఫీసులో ఒక్కరికైనా తెలియదా? నాకు తెలుసు. నోరెత్తలేదు.

ఆ బొమ్మ కోసం నాలుగు నెలలు ఊరేగాం. ఆత్మకూరు నుంచి పెయింటరును మూడుసార్లు పిలిపించాం. కాగితాల మీద ఆ బొమ్మ, కవర్ల మీద ఆ బొమ్మ, చివరికి ఆఫీసు కుండమీది మూత మీద కూడా ఆ బొమ్మ. పైన పటారం, లోన లొటారం. పల్లెలో బడికి తలుపు గడియ కావాలంటే ఆరు టేబుళ్ళు తిరిగే ఫైలు, రంగు డబ్బాలకు మాత్రం ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. కానీ ఎవరి మీద మండాలి? ఆ ఫైలు చేత పట్టుకుని పరుగెత్తింది నేనే కదా.

వరికుంటపాడు దారిలో ఒక చిన్న పల్లె. వాళ్ళ తాగునీటికి ఉన్నది ఒకే దిగుడు బావి. మోకాలిదాకా నీళ్ళలో దిగి కడవ ముంచుకుంటారు. ఆ కాళ్ళకు పుండ్లుంటే వాటిలోని పురుగు పిల్లలు నీళ్ళలో కలుస్తాయి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కాలు పొక్కి, దారంలాంటి పురుగు బయటికొస్తుంది. నారికురుపు. రోజుకింత చొప్పున దాన్ని పుల్లకు చుట్టి లాగుతారు. మధ్యలో తెగిందా, కాలు చీము పడుతుంది.

దీనికి మందు అక్కరలేదు. మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెడితే చాలు. అందుకే పర్మిట్టు మీద ఎనిమిది బస్తాల సిమెంటు వచ్చింది. పల్లెవాళ్ళు తమ వంతుగా కూలి తీసుకోకుండా రాయి కొట్టి బావి పక్కన కుప్ప పోశారు. ఇక మా వంతే మిగిలింది.

ఆ సిమెంటు ఆత్మకూరు రోడ్డు మీద నాలుగు దిమ్మెలైంది. దిమ్మెకొక చిహ్నం. ఫైల్లో నేను రాశాను: “నిల్వలో ఉన్న సిమెంటు వానకు తడిసి గడ్డకట్టినది. పనికిరాదు. మరల మంజూరు చేయ ప్రార్థన.”

ఆ ఏడు ఉదయగిరిలో వాన లేదు. చెరువు నెర్రెలు విచ్చింది. అయినా నా రాత మీద సంతకాలు పెట్టినవాళ్ళెవరూ వాన ఎప్పుడు కురిసిందని అడగలేదు. అడిగింది మాలకొండమ్మ ఒక్కతే. ఆమెది ఆ పల్లే. కొండెక్కి కట్టెలు కొట్టి ఉదయగిరిలో అమ్ముకునేది, మా ఇంటికీ వేసేది. ఒకరోజు చీలమండకు గుడ్డ చుట్టుకుని, కుంటుతూ ఆఫీసుకే వచ్చింది.

“ఏందయ్యా, మా బాయికి సిమిట్టొచ్చిందన్నారే. యాడికి పోయింది?”

“వానకు తడిసి గడ్డకట్టింది మాలకొండమ్మా. పైకి రాసినాము. మళ్ళీ వస్తాది.”

“వానా?” ఆమె గుమ్మంలోంచి ఆకాశం కేసి చూసింది. “మా చేన్లో పడని వాన మీ గోడౌన్లోనే పడినాదా సామీ?”

“నీకు తెలీదులే. రూల్సుంటాయి.”

“మళ్ళా వచ్చేదాకా నీళ్ళు తాగకుండా ఉండమంటావా?”

నేను ఫైలు తిరగేశాను. ఆమె కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆమె కాలిలో పురుగు ముందటేడు తాగిన నీళ్ళదని కంపౌండరు చెప్పాడు. ఎంత హాయిగా ఉందో ఆ మాట! నా తప్పు కాదు, సిమెంటు రాకముందటి పురుగు. ఆ హాయి ఒక్క ఏడాదే. మరుసటి ఎండాకాలం ఆమె మోకాలి దగ్గర ఇంకో పురుగు లేచి, సగంలో తెగింది. మోకాలు కొయ్యబారింది. మళ్ళీ కొండెక్కలేదు. ఊళ్ళో పాచిపనికి కుదిరిందని, కింద కూర్చోలేక నిలబడే అంట్లు తోమేదని విన్నాను. ఆ రెండో పురుగు మాత్రం నాది. ఎన్ని లెక్కలు మార్చి వేసినా నాదే.

రాష్ట్రం మళ్ళీ మారింది, పేరు మారింది. పాత చిహ్నం చెరిపేయమని ఉత్తర్వు. నాలుగు దిమ్మెలకూ సున్నం కొట్టించాం. కొత్త చిహ్నానికి కొత్త ఆర్డరు, అదే పెయింటరు. దిమ్మెల మీద పక్క ఊరివాళ్ళు పిడకలు కొట్టుకున్నారు. బావి మెట్లు మూసింది ఆ తర్వాత ఇంకో రెండేళ్ళకు. ఈ మధ్యలో ఎంతమందికి కాళ్ళు పొక్కాయో నేను వెళ్ళి చూడలేదు.

ఇక్కడిదాకా చదివి, పాపం గుమాస్తా, పైవాడు చెయ్యమంటే చేశాడు అనుకుంటున్నారేమో. నేనూ అలా అనుకోవడానికి అలవాటుపడ్డాను. నిజం అది కాదు. ఆఫీసరు అడిగింది కట్టె స్తంభాలు, రేకు బోర్డులు. అంతే. రేకు తుప్పు పడుతుంది సార్, గోడౌన్లో సిమెంటుంది, దిమ్మెలు కట్టిద్దాం అన్నది నేను. ఆ బస్తాలు ఎవరివో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ముందురోజే పల్లెకు వెళ్ళి వాళ్ళు పోసిన రాళ్ళ కుప్ప చూసి వచ్చాను. చూసి వచ్చి కూడా అన్నాను. నేను వేసిన బొమ్మ పది కాలాలు నిలవాలని అన్నాను.

మాలకొండమ్మ ఇప్పుడు లేదు. ఉన్నప్పుడు ఆమెకు ఈ మాట చెప్పలేదు. మీరు క్షమించినా అది చెల్లదు, క్షమించకండి. చదివారు, అది చాలు. కొంచెం ఊపిరాడుతోంది.