మావాడా, అవతలి చివరివాడా

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మావాడి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలకు వెళ్ళినన్నాళ్ళూ నాకు అసహ్యం పుట్టింది ఆట మీద కాదు, గ్యాలరీలో కూర్చునే పెద్దమనుషుల మీద.

మావాడు పాస్ రషర్. అవతలి జట్టులో బంతి విసిరేవాడు చెయ్యెత్తేలోగా, అడ్డుగా ఉన్నవాళ్ళను తోసుకుంటూ వెళ్ళి అతన్ని పడగొట్టడం వాడి పని. ఆటగాళ్ళ వరుసకు ఈ చివర మావాడు, ఆ చివర వాడి స్నేహితుడు ఉండేవారు. ప్రాక్టీస్ అయ్యాక ఇద్దరూ మా ఇంటికే వచ్చేవారు. ఆ పిల్లవాడు ఉప్మా ముట్టడు గానీ, పెసరట్లు వేస్తున్నంతసేపూ తింటూనే ఉండేవాడు.

మావారితో పనిచేసే ఒక స్నేహితుడు ప్రతి ఆటకూ వచ్చి నా పక్కన కూర్చునేవాడు. ఈ ఇద్దరినీ పోల్చడమే ఆయనకు వినోదం.

"వదినా, మనోడే బెస్ట్. ఆ పిల్లగాడు ఒక్కసారన్నా పడగొట్టిండా?"

ముందు వరుసలోని ఒక తండ్రి వెనక్కి తిరిగి ఇంగ్లీషులో వాదించేవాడు. ఆ పిల్లవాడిని ఆపడానికి ఇద్దరు వెళ్తున్నారు కాబట్టే మీవాడికి దారి దొరుకుతోందని, అసలు విలువ అతనిదేనని. అక్కణ్ణుంచి భుజాల వెడల్పు, కాళ్ళ బలం, ఏ కాలేజీ ఎవరిని తీసుకుంటుందనే బేరాలు. తల్లి పక్కనే ఉందన్న స్పృహ లేకుండా పిల్లల ఒళ్ళ గురించి అలా మాట్లాడుతుంటే నాకు చేతిలో కాఫీ కూడా సహించేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం అవతలి జట్టువాళ్ళు ఇద్దరు ఒకేసారి మీద పడడంతో ఆ పిల్లవాడి మోకాలు వంకర తిరిగింది. అరుపు పై వరుసల దాకా వినిపించింది. వాళ్ళమ్మ మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తింది. మావాడు హెల్మెట్ విసిరేసి స్నేహితుడి పక్కన కూలబడ్డాడు. స్ట్రెచర్ ఇంకా మైదానం దాటనే లేదు, మా స్నేహితుడు నా వైపు వంగాడు.

"పాపం. గానీ వదినా, ఇగ కాలేజీ కోచ్‌ల కండ్లన్నీ మనోడి మీదనే. లైన్ క్లియర్!"

నేను మైదానం వైపు నుంచి ఆయన వైపు తిరిగాను.

"ఆ పిల్లాడు మా ఇంట్లో తింటాడు అన్నయ్యా," అన్నాను.

"అయ్యో, నేను గేమ్ గురించి అంటున్న."

ముందు వరుస తండ్రి అప్పటికే ఆ స్థానంలో ఎవరిని దించితే బాగుంటుందో పక్కవాడితో చర్చిస్తున్నాడు.

తరువాతి ఆటలో అవతలి జట్టు అడ్డుకునే ఇద్దరినీ మావాడి మీదికే పంపింది. వాడు ఎంత గుంజుకున్నా ఒక్కసారి కూడా బంతి విసిరేవాడి దాకా చేరలేకపోయాడు.

"మనోడు డల్ అయిండు వదినా. ఆ పిల్లగాడే నయముండె," అన్నాడాయన, చిప్స్ నములుతూ.

నేను లేచి ఇంకో వైపుకు వెళ్ళిపోయాను. దెబ్బ తిన్న పిల్లవాడు జట్టుతోపాటు ఉంటానని పట్టుబట్టి, చంకకర్రలతో మైదానం పక్కన కూర్చున్నాడు. వాళ్ళమ్మ గ్యాలరీలో ఒంటరిగా ఉంది. పక్కన కూర్చున్నాను. ఆమె తన దుప్పటి అంచు నా మోకాళ్ళ మీదికి లాగింది.

తిరిగి వస్తూ కార్‌లో మావాడు అడిగాడు. "అమ్మా, అంకుల్ నా గురించి ఏం అన్నాడు?"

"ఏమీ అనలేదురా."

"లై చెప్పకు. వాడు ఉంటే ఇద్దరు వాడి దగ్గరికి పోతారు, నేను ఫ్రీ. అంకుల్‌కి అది తెలీదు?"

"తెలుసు. తెలిసే అలా మాట్లాడతారు."

ఆ ఏడు దీపావళి భోజనానికి ఆయన్ని పిలవనన్నాను. ఆట మాటలకింత పట్టింపా అని మావారు మూతి ముడుచుకున్నారు. నేను మాట మార్చుకోలేదు. ఆ పిల్లవాడు మళ్ళీ ఆడలేకపోయాడు. సీజన్ ముగిశాక మావాడూ మానేశాడు. ఇప్పటికీ ఆయన కిరాణా కొట్లో ఎదురై, "మనోడు ఆడి ఉంటే ఏ రేంజ్‌కి పోతుండెనో," అని మొదలుపెడితే, కొత్తిమీర కట్ట అందుకునే నెపంతో అటు తిరిగిపోతాను.