మిర్చి కల్లానికి వచ్చిన అతిథులు

ఆ రోజు సంగతి ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ గొంతు లేస్తుంది. బడిలో పిల్లల మీద కూడా అంత గట్టిగా అరవను.

మా ఊరు చిలకలూరిపేట దాటాక హైవే మీంచి లోపలికి ఉంటుంది. నేను ఊళ్ళోనే టీచర్ని. మా ఆయన పత్తి, మిరప వేస్తారు. ఎండలు మొదలయ్యేసరికి కోసిన కాయంతా కల్లంలో ఆరబోస్తాం. ఆడకూలీలు వచ్చి వరసగా కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పెడతారు. ఆ ముఠాకి మేస్త్రి ఒక పెద్దావిడ. నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ మాట్లాడితే రెండు కల్లాల అవతలికి వినపడుతుంది.

హైదరాబాదు నుంచి ఒక ట్రావెల్ కంపెనీవాళ్ళు మా ఆయనకు ఫోన్ చేశారు. వాళ్ళది బాధ్యత గల ప్రయాణమట. ఊరికే చూసి పోవడం కాదు, ఊరివాళ్ళతో కలిసి కూర్చోవడం, వాళ్ళ బతుకు తెలుసుకోవడం. ఆయన సరేనన్నారు. నాకూ నచ్చింది. కారం ప్యాకెట్ కొనేవాళ్ళకి ఆ కారం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిస్తే మంచిదేగా అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే లేచి కూలీలకూ వచ్చేవాళ్ళకూ కలిపి వంట చేశాను. అందరూ ఒకే బంతిలో కూర్చుని గోంగూర పచ్చడి కలుపుకుని తింటారని నా ఊహ.

వ్యాన్ వచ్చింది. దిగినవాళ్ళు ఏ పరాయి దేశం వాళ్ళో కాదు. హైదరాబాదు, విశాఖపట్నం మనుషులు, అందరికీ తెలుగు వచ్చు. వాళ్ళని తీసుకొచ్చిన గైడు కుర్రాడు మాత్రం మనుషుల వైపు చూడకుండా కాయ రాశుల వైపు చూశాడు. ఎండ ఎటు నుంచి పడుతోందో చూసుకున్నాడు. తర్వాత వ్యాన్‌లోంచి చీరల మూట దింపించాడు. అన్నీ మంగళగిరి చేనేత చీరలు.

"అమ్మా, ఈ చీరలు కట్టుకోండి. ఆ చొక్కాలు తీసెయ్యండి, మొహానికి కట్టిన తువ్వాళ్ళు కూడా. ఫోటోల్లో బాగోవు."

మా కూలీలు చీర మీద మగవాళ్ళ ఫుల్ చొక్కా వేసుకుని, మొహానికి తువ్వాలు బిగించి పనిచేస్తారు. సరదాకి కాదు. మిరప ఘాటు ఒంటికి తగిలితే సాయంత్రం దాకా మంటే.

మేస్త్రి అక్క నవ్వింది. "చొక్కా తీసి కాయలో కూర్చోమంటావా నాయనా? నువ్వు కూర్చో ముందు, చూద్దాం."

అతను నవ్వేసి పక్కకి తిరిగి, అక్క చిన్నకోడలిని పట్టుకున్నాడు. పెళ్ళై వచ్చిన మొదటి ఏడు ఆ పిల్లకి. చీర ముట్టుకుని చూసి మురిసిపోయింది. పాకలోకి వెళ్ళి కట్టుకొచ్చింది. వద్దని అత్త చెప్తూనే ఉంది. "ఒక్క ఫోటోనే అత్తా" అంది.

ఒక్క ఫోటో కాలేదు. రాశి మీద కూర్చోమన్నాడు. దోసిళ్ళతో కాయలు పైకి ఎగరేయమన్నాడు. ఇంకా పైకి, ఇంకా పైకి, నవ్వుతూ. ఎగరేసిన కాయలతోపాటు పొడి, గింజలు ఆ పిల్ల కళ్ళలో పడ్డాయి. కెవ్వుమని అరిచింది. ఆ చేతుల్తోనే కళ్ళు నలుపుకుంది. రాశి మీంచి జారి కింద పరిచిన పట్టా మీద పడి, "అత్తా! అత్తా!" అని ఏడుస్తోంది. నేను వంట దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చేసరికి అక్క కోడలి తల ఒళ్ళో పెట్టుకుని క్యాన్‌తో నీళ్ళు పోస్తోంది. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఫోన్లు దించలేదు. ఏడుస్తున్న మొహం మీదికి వంగి మరీ తీస్తున్నారు.

"దించండి ఫోన్లు!" అని అరిచాను. "ఏమనుకుంటున్నారు మీరు? మనిషనుకుంటున్నారా, బొమ్మనుకుంటున్నారా?"

"మేడమ్, కూల్. లోకల్ కమ్యూనిటీ పార్టిసిపేషన్ ఇది. వాళ్ళకీ ఎక్స్‌పోజరే" అన్నాడు గైడు.

"ఆ పిల్ల పేరేంటో చెప్పు."

అతనికి తెలియదు. వచ్చినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. అంతసేపూ ఆ పిల్లని నవ్వమన్నారు, ఎగరేయమన్నారు, ఒక్కరూ పేరు అడగలేదు. వ్యాన్ ఎక్కమన్నాను. నా చేతిలో గరిటె ఉందని తర్వాత తెలిసింది. ఎక్కేముందు ఒక పెద్దామె తల దించుకుని నా ఫోన్ నంబరు అడిగింది. రిటైరైన బ్యాంకు ఉద్యోగి అట. విసురుగా చెప్పాను.

ఆ పిల్ల కళ్ళు వాచి రెప్పలు తెరుచుకోలేదు. పేటలో డాక్టరుకి చూపించాం. మెడ మీదా చేతుల మీదా మజ్జిగలో తడిపిన గుడ్డ వేస్తూ అక్క తిడుతూనే ఉంది. కోడల్ని కాదు, వ్యాన్‌ని.

అంతటితో అయిపోలేదు. కొన్నాళ్ళకి పొన్నూరులో ఉండే ఆ పిల్ల అన్న ఫోన్‌లో ఒక వీడియో చూసి, "మా చెల్లినేం చేశారు మీరు?" అని అక్క మీద విరుచుకుపడ్డాడు. వీడియోలో ఆ పిల్ల ఏడుస్తోంది. వెనక వేణువు సంగీతం. కింద 'మిర్చి నేలపై ఒక మరపురాని ఉదయం' అని రాశారు.

కంపెనీకి ఫోన్ చేశాను. "కల్లం ఓనర్ గారు పర్మిషన్ ఇచ్చారండి" అన్నారు.

ఫోన్ పెట్టేసి మా ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాను. "ఆ పిల్ల మొహానికి పర్మిషన్ ఇవ్వడానికి మీరెవరండీ?"

"కాయ ఫోటోలనుకున్నానే. వీడియోలు తీసుకుంటామంటే సరేనన్నా."

"కాయ మీది. కూర్చున్న మనుషులు కూడా మీవాళ్ళేనా అడక్కుండా ఇచ్చెయ్యడానికి?"

ఆయన ఆ పూట అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు. మర్నాడు అక్క ఇంటికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి తప్పయిందన్నారు. అక్క మొహమాటపడలేదు. "కూలి మాట, పని మాట మీతో మాట్టాడతాం బాబూ. మా సంగతి మాత్రం మమ్మల్నే అడగాలి" అంది.

ఆఖరికి ఆ పిల్లే నా ఫోన్ తీసుకుని కంపెనీకి చేసింది. "వీడియోలో ఏడ్చేదాన్ని నేనే. తీసేస్తారా, మా ముఠా మొత్తం బస్సెక్కి వచ్చి మీ ఆఫీసు ముందు కూర్చోమంటారా?" అంది. సాయంత్రానికి తీసేశారు. క్షమించమన్న ముక్క మాత్రం ఎవరి నోటా రాలేదు.

తర్వాతి ఏడు కాయ కల్లానికి వచ్చినప్పుడు బ్యాంకు ఆమె ఫోన్ చేసింది. ఒక్కతే వస్తానంది, పనిలో కూర్చుంటానంది. నన్ను కాదు వాళ్ళని అడగమని ఫోన్ అక్కకిచ్చాను.

"రండి. మా ఇంట్లోనే ఉండండి. మాతోపాటు లేవాలి, మేం తిన్నదే తినాలి. ఫోన్ మాత్రం సంచిలోంచి తియ్యకూడదు" అంది అక్క.

గుంటూరు దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో వచ్చింది. అక్క మొగుడి పాత చొక్కా తొడుక్కుని వరసలో కూర్చుంది. ముందు అందరి పేర్లూ అడిగింది. వాళ్ళూ ఆమెని అడగాల్సినవన్నీ అడిగారు. పిల్లలెంతమంది, మోకాళ్ళ నొప్పులా, ఒక్కదానివే ఎట్టా ఉంటున్నావు అని. మొదటి రోజు మంచి కాయని కూడా తాలులో పారేస్తుంటే అక్క చెయ్యి మీద ఒక్కటిచ్చింది. అందరూ నవ్వారు.

చిన్నకోడలు నవ్వలేదు. దూరంగా కూర్చుంది. రెండో రోజు టీ తాగేప్పుడు సూటిగా అడిగింది. "ఆ రోజు మీరూ ఫోన్ పట్టుకునే ఉన్నారుగా?"

"ఉన్నాను."

"నేను ఏడుస్తుంటే ఎందుకు ఆపలేదు?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "అందరూ తీస్తున్నారు, నేనూ తీశాను. అంతకుమించి ఏం చెప్పినా అబద్ధమే అవుతుందమ్మా. నాది ఆ రోజే చెరిపేశాను."

"చెరిపేసినా తీశారుగా."

"తీశాను."

ఆ పిల్ల గ్లాసు కడిగి బోర్లించి పనిలోకి వెళ్ళిపోయింది. సాయంత్రం బ్యాంకు ఆమె చేతులు మండి అన్నం కలపలేకపోతుంటే కొబ్బరినూనె సీసా తెచ్చి పక్కన పెట్టింది. తను రాయలేదు. సీసా పెట్టి వెళ్ళింది. ఆమె వారం పైన ఉండి వెళ్ళింది. మళ్ళీ వస్తానంటే అక్క రమ్మంది. కోడలు తలూపింది, అంతే.

ఈ మధ్య ఆ కంపెనీవాళ్ళు మా ఆయనకు మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి ఇంకా బాగా చేస్తామన్నారట. ఆయన కల్లంలోకి నడిచి ఫోన్ అక్క చేతిలో పెట్టారు.

అక్క చివరిదాకా విని, "ముందు మా కోడలికి ఫోన్ చేసి తప్పయిందని చెప్పండి. మీరు వచ్చేదీ లేందీ తర్వాత మాట్టాడదాం" అని పెట్టేసింది.

ఆ ఫోన్ ఇంతవరకూ రాలేదు.