కాలరుకి ఎన్ని నిమిషాలు?

అటూఇటూ మాస్టారు బుద్ధెరిగాక ఎవరికీ ఒక్క అంకె చెప్పిన పాపాన పోలేదు. టైమెంతని అడిగితే, చేతికి గడియారం ఉండి కూడా, "పదింపావుకీ పదిన్నరకీ మధ్య" అనేవాడు. పిల్లలెందరంటే మాత్రం కాసేపు ఆలోచించి, "ఇద్దరే. వాళ్ళని లెక్కపెట్టాను, అంచనా కాదు" అనేవాడు.

చొక్కాల ఫ్యాక్టరీలో అంచనాలు కట్టడమే ఆయన ఉద్యోగం. కాలర్లు కుట్టే నూటఎనభై మిషన్ల చప్పుడు ఎడతెగని వానలా కురుస్తుంటే, కిటికీ ఎండలో తేలే నూలు ధూళిని చూస్తూ నిలబడిపోయేవాడు. చీకటి వరసలో కూర్చునే, అందరూ అక్కా అని పిలిచే ఆవిడకి ఆయన కలలో నడుస్తున్న మనిషిలా కనిపించేవాడు.

"ఏం చూస్తున్నారు మాస్టారూ?"

"గాల్లో ఎన్ని పోగులున్నాయా అని."

"ఎన్నున్నాయేంటి?"

"రెండు వేల నుంచి తొమ్మిది వేల దాకా."

"అబ్బో, ఎంత బాగా తేల్చారండీ!"

ఒకరోజు మేనేజరు గోడకి నోటీసు అంటించాడు. కాలరుకి మూడున్నర నిమిషాలు. అంతకన్నా ఎక్కువ పట్టేవాళ్ళు నెలాఖరుకి ఇంటికి. అక్కకి అయిదు పడుతుంది. ఇంట్లో నలుగురికి ఆవిడ సంపాదనే ఆధారం.

"ఈ మూడున్నర ఎక్కడిది సార్?" అన్నాడు మాస్టారు.

"నేనే కొలిచా. నా గది ముందు, కిటికీ పక్క ముగ్గుర్ని."

"ముగ్గుర్ని చూసి నూటఎనభై మంది జాతకం రాసేశారా!"

మాస్టారు మిషన్ నంబర్లన్నీ చీటీల మీద రాసి, టిఫిన్ డబ్బాలో వేసి, కళ్ళు మూసుకుని నలభై తీశాడు. వారం పాటు వాళ్ళ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. అక్క నంబరూ వచ్చింది. దారం తెగినప్పుడల్లా, సూదిలోకి మళ్ళీ ఎక్కించే సేపు కూడా ఆయన రాసుకోవడం చూసి ఆవిడకి ఒళ్ళు మండింది.

"అదీ రాయాలా? నన్ను తొందరగా సాగనంపడానికా?"

"కిటికీ వాళ్ళకి ఇది పది సెకన్ల పనమ్మా. నీకు నలభై నుంచి యాభై. ఎందుకని?"

"కనపడి చస్తేగా! ఇక్కడ దీపాలు పోయి రెండేళ్ళు."

ఆయన అదీ రాసుకున్నాడు.

శనివారం మేనేజరు అందరి ముందూ అడిగాడు. "సగటెంత? ఒక్క ముక్కలో చెప్పండి."

"నాలుగుంబావుకీ నాలుగుముప్పావుకీ మధ్య. ఇలా వందసార్లు చీటీలు తీసి వందసార్లు హద్దులు గీస్తే, సుమారు తొంభై అయిదుసార్లు అసలు సగటు లోపల చిక్కుతుంది."

"మిగతా అయిదు?"

"వాటి మూలంగానే నాకు నిద్ర పట్టదు సార్. మీ మూడున్నర మాత్రం హద్దుల దరిదాపుల్లో లేదు. మీరు కొలిచింది కిటికీ వెలుతురు. కావాలంటే అక్క సీట్లో కూర్చుని దారం ఎక్కించి చూడండి."

మేనేజరు కూర్చున్నాడు. వరసంతా గొంతు కలిపి సెకన్లు లెక్కపెట్టింది. తొంభై దాటాక సూది వదిలేసి, వెళ్ళి నోటీసు చింపేశాడు.

"ఒక్క అంకె ఎందుకు చెప్పరు మాస్టారూ?" అక్క అడిగింది.

"చెబితే గోడకి అంటిస్తారమ్మా. హద్దులిస్తే, ఈ చివర ఎవరున్నారు, ఆ చివర ఎవరున్నారని ఒకసారైనా చూడాల్సొస్తుంది."

సోమవారం ఎలక్ట్రీషియన్ నిచ్చెనతో వచ్చాడు. "ఈ వరసకి ఎన్ని దీపాలు కావాలి?"

"ఇరవైకీ ఇరవై ఆరుకీ మధ్య," అన్నాడు మాస్టారు.

"మధ్యనంటే ఎలా కొనను సార్?"

మిషన్ మీంచి తలెత్తకుండానే అక్క అరిచింది. "ఇరవై ఆరు!"