కార్డు వెనుక వైపు

మా కుట్టు మిషన్ ఆరు నెలలు నాగర్‌కర్నూల్‌లో ఒక దుకాణం వెనక గదిలో ఉంది. నెలనెలా కిస్తీ కడుతుంటే మనకోసం పక్కన పెట్టి ఉంచుతారు, మొత్తం తీరాకే ఇంటికి ఇస్తారు. దానికి దారంతో అమ్మ పేరు రాసిన చీటీ కట్టారు. కిస్తీ కట్టినప్పుడల్లా అమ్మా నేనూ లోపలికి వెళ్లి చూసి వచ్చేవాళ్లం. నేను పెడల్ మీద పాదం ఆనించి కళ్లు మూసుకునేదాన్ని. చక్రం తిరిగేది, గదంతా పూల గుడ్డలు పరుచుకునేవి, వాటి నడుమ అమ్మ కూర్చుని ఉండేది. బస్సు మా ఊరు బిజినేపల్లి చేరేదాకా అదే కల.

అమ్మ ఇంట్లో ఉండటమే అసలు సంగతి. ఏటా దసరా దాటగానే కూలీల గుంపుతో పుణె వెళ్లి, మళ్లీ ఎండాకాలానికి గానీ వచ్చేది కాదు.

"మిషనొస్తే ఈ యేడు పోను బిడ్డా" అంది. ఆ మాటను నేను బెల్లం ముక్కలా చప్పరిస్తూ తిరిగాను.

ఏడో తరగతి చదువుతున్నానని నాకు మహా గొప్ప. దుకాణం వాళ్లిచ్చిన కార్డు మీది కిస్తీలు నేనే చదివి చెప్పేదాన్ని. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి, కలుపు పనుల్లేక రెండు నెలలు కట్టలేకపోయాం. అమ్మ పెద్దగా దిగులు పడలేదు. మా ఊళ్లో గడువు తప్పితే అప్పిచ్చినవాళ్లు గడప దగ్గరికి వచ్చి నాలుగు మాటలని, ఇంకో గడువిచ్చి పోతారు. మిషన్ కోసం ఎవరూ రాలేదు కాబట్టి గడువు ఇంకా ఉందనుకున్నాం.

మూడో నెల కూలి డబ్బు కొంగున కట్టుకుని వెళ్లాం. మిషన్ ఉండే చోటు ఖాళీగా ఉంది.

"అడగనీకి ఎవ్వరు రాలే గద సేటూ" అంది అమ్మ.

"మేమెందుకొస్తమమ్మా? రెండు నెలలు తప్పితే వేరేటోళ్లకు అమ్ముతమని కార్డెనక రాసే ఉంది. పైసలు వాపస్ రావు. కట్టినంతకు ఇంకేదన్న సామాన్ తీస్కో" అన్నాడాయన, నెమ్మదిగానే.

కార్డు తిప్పి చూశాను. చిన్న అక్షరాలు, అంతా తెలుగే, నేను చదవగలిగినవే. ఇన్ని నెలలూ ముందువైపే చూసుకుని మురిశాను. ఆ రోజు నా మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. అమ్మ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు.

దుకాణమంతా తిరిగి తిరిగి అమ్మ ఒక రేకు పెట్టె తీసుకుంది. నీలి రంగు, మూత మీద గులాబీ. బస్సులో దాన్ని నేనే ఒళ్లో పెట్టుకున్నాను.

దసరా దాటిన మూడో రోజు అమ్మ తన చీరలు ఆ పెట్టెలోనే సర్దుకుని పుణె వెళ్లింది.