నాలుగు ఎర్ర దారాలు

గద్వాలలో మా ఇంట్లో నాకంటే మా ముసలి పిల్లికే మర్యాద ఎక్కువ. అందుకే, గట్టు అనే ఊరి దగ్గర పత్తి విత్తనాల చేనులో దొరికిన నాలుగు నల్ల కూనలను పెద్దమ్మ తట్టలో పెట్టుకొస్తే, గడప దాటనివ్వలేదు. పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు, ఆ చేనులో క్రాసింగ్‌కు, అంటే ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దే పనికి పోతుంది.

"ముందు రక్తపరీక్ష" అని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. పిల్లులకు లుకేమియా వైరస్ అని ఒకటుంది. ఎంగిలితో అంటుకుంటుంది, నయం చేసే మందు లేదు. మా ముసలిదానికి సోకితే నేను తట్టుకోలేను.

ఒక్కో కూనకు ఒక్కో రక్తపు చుక్క, ఒక్కో పరీక్ష పట్టీ. ఒక గీత వస్తే మంచిది, రెండొస్తే అనుమానం. కూనలన్నీ ఒకేలా ఉన్నాయని నేను మహా తెలివిగా నాలుగు రంగుల దారాలు పెద్దమ్మ చేతిలో పెట్టి, పట్టీల పక్కన అవే రంగులు వరుసగా రాశాను. "పరీక్ష అయినదాని మెడకు దారం కట్టు" అన్నాను.

పది నిమిషాలకు 'పచ్చ' అని రాసిన పట్టీలో సన్నగా రెండో గీత. ఆ పచ్చ దారపు కూన ఏదా అని తట్టలోకి చూస్తే నాలుగు మెడలకూ ఎర్ర దారమే!

"ఏంది పెద్దమ్మా ఇది?"

"పనైన పువ్వుకు ఎర్ర దారమే కదా బిడ్డా. చేన్ల గట్లనే కడ్తం. లేకుంటే ఒక్కదానికే రెండుసార్లు సూది గుచ్చరా?"

డాక్టరమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. పట్టీలు అయిపోయాయి. నెల ఆగి ఎలాగూ మళ్లీ చూడాలంది. ఇన్నాళ్లూ ఒకే చోట పెరిగాయి కాబట్టి నాలుగింటినీ కలిపే ఉంచి, మా ముసలి పిల్లికి మాత్రం దూరం పెట్టమంది.

కూనలు పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాయి. రోజూ ఉడికించిన గుడ్డు పట్టుకుని పోయేదాన్ని. ఒకటి తుమ్మితే అదే అనుకునేదాన్ని, ఇంకోటి తిండి మానేస్తే అదేనేమో అనుకునేదాన్ని. అవేమో నాలుగూ నా చీర కుచ్చిళ్లెక్కి కూర్చునేవి. వారం తిరిగేసరికి అనుమానపడే ఓపిక కూడా పోయింది.

రెండోసారి దారాలు నేనే కట్టాను. నాలుగు పట్టీల్లోనూ ఒకే గీత! చిన్న కూనల్లో ఒక్కోసారి వైరస్ దానంతటదే పోతుందట, లేదా మొదటి పట్టీయే తప్పు చూపి ఉండవచ్చట. సంతోషం పట్టలేక పెద్దమ్మను వాటేసుకున్నాను. "నేను జెప్పలే, పనైందని" అంది.

ఆ రెండో గీత ఏ కూనదో ఇప్పటికీ తెలియదు. మొదటిరోజే తెలిసి ఉంటే, ఎవరేం చెప్పినా వినకుండా దాన్ని ఒంటరిగా స్నానాల గదిలో పెట్టి తలుపేసేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.