డాక్టరమ్మ నేర్పిన అబద్ధం

ఆళ్లగడ్డలో బస్సు ఆగిందంటే ముందుగా చెవిన పడేది రాతి మీద ఉలి దెబ్బ. వెనకాలే తెల్లటి దుమ్ము కిటికీలోంచి వచ్చి పెదాల మీద సుద్దలా అంటుకుంటుంది. మొన్న చాగలమర్రిలో ఒక పేషెంటును చూసి నంద్యాలకు తిరిగొస్తూ ఆ చప్పుడు విన్నాను. పనేమీ లేకపోయినా దిగిపోయాను. ఈ ఊరి రాతిపనివాళ్ల ఇంట్లో పుట్టిన ఒక మనిషి దగ్గర నేను మాట్లాడటం నేర్చుకున్నాను. నోరు పెద్దదని మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ తిడుతూనే ఉండేది కాబట్టి, నేను చెప్పేది ఆ విద్య గురించి కాదు. "నీ కిడ్నీ ఇస్తావా?" అని ఒక మనిషిని ఎలా అడగాలో, ఆ మనిషి ఇవ్వనంటే ఆ మాటను ఎలా కాపాడాలో నేర్చుకున్నాను.

ఆ మనిషి నంద్యాలలో కిడ్నీ డాక్టరు. ఊరందరికీ డాక్టరమ్మే, పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మా చిన్న ఆసుపత్రిలో డయాలసిస్ చేస్తాం. కిడ్నీ మార్చే ఆపరేషన్ కర్నూలులోనో హైదరాబాదులోనో జరుగుతుంది. అక్కడికి పంపేముందు, ఇస్తామని వచ్చినవాళ్లకు రక్తపరీక్షలు చేసి, వాళ్లతో తొలిసారి మాట్లాడే పని మాది. నేను కౌన్సెలరుగా చేరిన కొత్తలో కొలిమిగుండ్ల వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. జబ్బు కొడుకుది. ఇచ్చేది కోడలని అత్తే చెప్పింది, మామ తలూపాడు. డాక్టరమ్మ అందరినీ ఒకసారి చూసి, "మీరంతా పొయ్యి టీ తాగి రాండి. ఈ పాప ఒక్కతే ఈడుంటాది" అంది. వాళ్లు వెళ్లాక తలుపు వేసి, కుర్చీని ఆ అమ్మాయి దగ్గరికి లాక్కుంది.

"నీకు ఇయ్యాలని ఉండాదా?"

"మా అత్త ఇయ్యమన్నాదమ్మా."

"నేనడిగేది మీ అత్తను కాదు. నిన్ను."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మ ఆమె వీపు నిమిరి బయటికి నడిచింది. వాళ్లతో ఒకటే చెప్పింది: "ఈ పాపది పరీక్షలో కలవలేదు, అంతే. ఇయ్యడానికే వచ్చింది. ఇంట్లో ఎవురూ ఒక్క మాట అనగూడదు."

నాకు ఒళ్లు మండింది. గదిలోకి రాగానే అడిగేశాను. "అది అబద్ధం కదా మేడం?"

"అబద్ధమే."

"రేపు అతనికేమైనా అయితే?"

"అయితాదేమో. వానికోసం ఇంగో దారి ఎతకల్ల, అది నా పని. ఆ పిల్ల మాత్రం రేప్పొద్దున ఆ ఇంట్లోనే అన్నం తినల్ల. నిజం చెప్తే ముద్ద దిగనిస్తారా?"

ఈ పద్ధతిని తప్పుపట్టిన డాక్టర్లు ఉన్నారు. రోగికి అబద్ధం చెబితే వైద్యం మీద నమ్మకం పోతుందని, కారణమేదీ చెప్పకుండా 'ఈమె తగదు' అంటే చాలని వాదించేవారు. "మనం కారణం చెప్పకపోతే ఇంట్లోవాళ్లే ఒకటి పుట్టిస్తారప్పా" అని ఆమె కొట్టిపారేసేది. ఎవరిది న్యాయమో నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది భార్యలూ తల్లులే అన్నది మాత్రం నా కళ్లతో చూశాను.

పంది కిడ్నీని మనిషికి అమర్చారన్న వార్త వచ్చినప్పుడు మా వార్డంతా అదే ముచ్చట. కిరాణా కొట్టు శెట్టిగారిది ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు. సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండానే, "డాక్టరమ్మా, అది నా కడుపులోకి పోతే మా ఇంట్లో నాకు విస్తరేస్తారా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వి, మన ఒళ్లు తిప్పికొట్టకుండా ఉండటానికి ఆ పందుల జన్యువులను మారుస్తారని, అది ఎన్నాళ్లు పనిచేస్తుందో ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేరని వివరించింది. తర్వాత అంది: "పందిని ఇస్తావా అని ఎవురూ అడగరు శెట్టిగారూ. మన ఇండ్లల్లో ఆడోళ్లనూ అంతే." మంచం పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ శెట్టిగారి భార్య డాక్టరమ్మ వంక అలాగే చూస్తూ ఉండిపోయింది.

కొన్నాళ్లకు డాక్టరమ్మ కిడ్నీలే దెబ్బతిన్నాయి. ఇందరి కిడ్నీలు కాపాడిన మనిషి తన బీపీని పట్టించుకోలేదు. ఆమె పెళ్లి చేసుకోలేదు. తల్లి చిన్నప్పుడే పోతే, తమ్ముడు బ్రహ్మయ్యను చంకనెత్తుకుని పెంచింది. అతను ఆళ్లగడ్డలోనే విగ్రహాలు చెక్కుతాడు. తమ్ముడు ఇస్తాడని అందరూ ఖాయం చేసేసుకున్నారు. ఆమె వైద్యం చూసేది కర్నూలు డాక్టరే అయినా, తొలి మాట నేనే అడగాలని ఆమె పట్టుబట్టింది. పరీక్షలయ్యాక ఒకరోజు తమ్ముణ్ణి, మరదల్ని తీసుకొచ్చింది. "అందర్నీ ఎట్ల అడుగుతావో వీణ్నీ అట్లనే అడుగు పాపా. మేము పొయ్యి టీ తాగుతాంటాం" అని మరదలితో పాటు వరండాలోకి వెళ్లిపోయింది.

తలుపు వేశాను. బ్రహ్మయ్య గోళ్ల సందుల్లో రాతిపొడి ఇంకా పోలేదు.

"అక్క సాకకుంటే నేను ల్యాను పాపా" అన్నాడు. "అయినా భయమైతాండాది. కత్తి అనుకుంటేనే కంటికి కునుకు రాదు. నాకేమన్నా అయితే పిల్లోళ్ల గతేంది? ఇయ్యనని ఏ మొగం పెట్టుకోని చెప్పేది?"

అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా కళ్ల ముందు డాక్టరమ్మ ప్రాణం పోతోంది, ఈయన భయమంటున్నాడు. 'ఇంకోసారి ఆలోచించన్నా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ గదిలో ఆ మాట అనకూడదని నేర్పింది ఆమే. మింగేశాను.

వరండాలో ఆమె బెంచీ మీద సగం గ్లాసు టీతో కూర్చుని ఉంది. నీళ్లు కూడా కొలిచి తాగాల్సిన జబ్బు కదా. "పరీక్షలో కలవలేదు మేడం" అన్నాను. 'ఇవ్వడానికే వచ్చాడు' అనే రెండో మాట మాత్రం అనలేకపోయాను. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. గ్లాసు పక్కన పెట్టి, నా వెనక నిలబడ్డ తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యడానికే వచ్చినావు గదరా. కలవలేదు, అంతే. ఎవురన్నా ఒక్క మాటంటే నాకు చెప్పు."

అతను ఆమె భుజం మీద తల పెట్టి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. నేను ముఖం కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి పోయాను.

సాయంత్రం ఇంటికి బయలుదేరుతూ ఆమె నన్ను పిలిచింది. "నీ గొంతు వణికింది పాపా. ఇంగోసారి వణకనియ్యొద్దు. ఇనేటోళ్లకు తెలిసిపోతాది" అంది. ఆ సంగతి మా మధ్య మళ్లీ ఎన్నడూ రాలేదు. చనిపోయినవారి కిడ్నీ కోసం పేరు నమోదు చేయించుకుని ఎదురుచూసింది. వంతు రాలేదు. తను రోజూ రౌండ్లు తిరిగిన వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద కన్నుమూసింది. నేను భోరున ఏడ్చాను. ఆమె మీద కోపం కూడా చాన్నాళ్లు పోలేదు. 'బతకాలనుందిరా' అని తమ్ముణ్ణి ఒక్కసారి అడిగుంటే ఆమె సొమ్మేం పోయేది?

మొన్న బస్సు దిగి వెళ్తే, బ్రహ్మయ్య నన్ను చూడగానే గుర్తుపట్టి, స్టూలు మీది దుమ్ము తుడిచి కూర్చోబెట్టి టీ చెప్పాడు. తల బాగా నెరిసింది. కాసేపు చెక్కుతూనే మాట్లాడాడు. ఉన్నట్టుండి ఉలి ఆపాడు. తల మాత్రం ఎత్తలేదు.

"ఒక్క మాట పాపా. మా అక్కకు తెలుసునా?"

తెలుసన్నా, తెలిసే నీ చెయ్యి పట్టుకుంది అని చెప్పవచ్చు. దాంతో అతని గుండె బరువు దిగుతుందో, ఇక ఎన్నటికీ దిగకుండా పోతుందో నాకు తెలియదు. ఆమె ఆ మాటను దాచుకునే పోయింది. దాన్ని బయటపెట్టడానికి నేనెవరిని?

"తెలీదన్నా" అన్నాను. "కలవలేదనే నమ్మింది."

నా గొంతు వణకలేదు.