తెర మధ్యలో మసక

ఆ వీధి పొడుగునా కంప్యూటర్ సామాను దుకాణాలే. అయినా గేములాడే కుర్రకారు మానిటర్ కొనాలంటే చివరి దుకాణానికే వచ్చేవారు, అక్కడ భూతద్దం ఉన్నాడు కాబట్టి. మనిషికి ఆ పేరెందుకు వచ్చిందో అతను పని చేస్తుంటే చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పెట్టె విప్పి, తెర నిండా ముందు తెలుపు వేసేవాడు. తర్వాత ఎరుపు, పచ్చ, నీలం, నలుపు. ఎడమ కన్ను గట్టిగా మూసి, కుడి కంటితో, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగి చూసేవాడు. వెలగని చుక్క ఒక్కటున్నా, వెలుతురు ఒకచోట మందగించినా పట్టేసేవాడు. అతను తలూపితేనే కొనేవాళ్ళు జేబులో చెయ్యి పెట్టేవారు.

అంతకుమించి అతనిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదనే అనాలి. మాట కరుకు. బేరమాడడం చేతకాదు. నవ్వుతూ మాట్లాడవయ్యా అంటే పన్ను నొప్పి పుట్టినవాడిలా మొహం పెట్టేవాడు. యజమాని ఇన్నేళ్ళూ అతన్ని భరించింది ఆ ఒక్క కంటి కోసమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ ఎండాకాలం మాత్రం భూతద్దానికి ఏ మానిటరూ నచ్చలేదు. "మధ్యలో మసకగా ఉంది, పంపించెయ్యండి" అనేవాడు. విప్పిన పెట్టెలు విప్పినట్టే వెనక్కి పోయేవి. సరుకు తెచ్చే ఏజెంటు వాటిని పరీక్ష చేయించి, ఏ లోపమూ లేదని మళ్ళీ తెచ్చి పడేసేవాడు. ఇలా నాలుగైదుసార్లు జరిగాక యజమానికి ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, లోకంలో ఏ తెరా నీ కంటికి ఆనడం లేదా?"

"కంపెనీవాళ్ళు గడ్డి తింటున్నారు సార్. నేనేం చెయ్యను?" అన్నాడు భూతద్దం. అలా అనడమే కాదు, మనస్ఫూర్తిగా నమ్మాడు కూడా. పాపం, నమ్మకపోయినా బాగుండేది.

అతనికి పెళ్ళీ పెటాకులూ లేవు. అక్క ఇంట్లోనే వెనక గదిలో ఉండేవాడు. అక్క కూతురంటే ప్రాణం. ఆ పిల్ల పగలు కొరియర్ ఆఫీసులో పని చేసి, సాయంత్రాలు ఒక జట్టుతో కలిసి గేములాడేది. ఆ జట్టు ఏదో పెద్ద పోటీకి ఎంపికైంది. పాత మానిటర్‌తో ఇక లాభం లేదని మేనకోడలు ఒక మధ్యాహ్నం దుకాణానికే వచ్చి కూర్చుంది.

"పెద్దది కావాలి మావయ్యా. వంపు తిరిగినది. మావాళ్ళందరికీ అదే ఉంది."

"అందరూ గోతిలో దూకితే నువ్వూ దూకుతావా? ఇరవై నాలుగు అంగుళాలు చాలు. అంతకంటే పెద్దదైతే మూలన వచ్చేవాణ్ణి చూడ్డానికి మెడ తిప్పాలి. నువ్వు తిప్పేలోపు వాడు నిన్ను కాల్చి పారేస్తాడు."

"మరి సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో, ఆ హెర్ట్జ్ ఎక్కువుండాలి కదా?"

"డబ్బా మీద ఎంతైనా రాస్తారు. పరిగెత్తే బొమ్మ వెనక తోక వస్తుందా లేదా, అది చూసుకో."

రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టి, నల్లటి నేల మీద పరిగెత్తే మనిషి బొమ్మ వేశాడు. ఒకదాంట్లో బొమ్మ వెనక పొగలాంటి చార సాగింది. రెండోదాంట్లో బొమ్మ శుభ్రంగా ఉంది. మేనకోడలు రెండోదాన్ని వేలితో చూపించింది. భూతద్దం మొహంలో అరుదైన నవ్వు కనిపించింది. ఆ రకం పెట్టె కొత్తది విప్పి, తెలుపు వేసి, ఎడమ కన్ను మూసి వంగాడు.

"వద్దు. మధ్యలో మసక."

ఇంకోటి విప్పాడు. దానికీ మసకే. మూడోదాని దగ్గర కంపెనీవాళ్ళ వంశాన్నంతా తిట్టడం మొదలుపెట్టాడు. మేనకోడలు లేచి వచ్చి పక్కన వంగింది.

"ఎక్కడ మావయ్యా?"

"ఇదిగో." తెర నడిమధ్య వేలు పెట్టాడు.

"నాకేం కనిపించడం లేదు."

"నీకు తెలీదులే. సరిగ్గా చూడు, ఇక్కడ."

"ఇందాక మధ్యలో అన్నావు. ఇప్పుడు మూల మీద పెట్టావు వేలు."

భూతద్దం తన వేలి వంక చూశాడు. వేలి కొస కనపడలేదు. ఎడమ కన్ను అలాగే మూసి, తల తిప్పి తెల్లగోడ చూశాడు. మసక గోడ మీదికి వెళ్ళింది. కౌంటరు దగ్గర యజమానిని చూస్తే చెవులున్నాయి, జుట్టుంది, మొహం లేదు. ఎడమ కన్ను తెరిచాడు. యజమాని మొహం తిరిగి వచ్చింది.

ఎడమ కన్ను మళ్ళీ మూసి చూశాడు, మళ్ళీ తెరిచాడు. తర్వాత ఆ మూడో మానిటర్‌నే పెట్టెలో సర్దాడు.

"ఇదే తీసుకో. బాగుంది."

"మరి మసక?"

"పోయింది."

అతను దుకాణంలో ఆడిన మొదటి అబద్ధం అదేనేమో. మేనకోడలు రెట్టించలేదు. మర్నాడు సెలవు పెట్టి, చెయ్యి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. లోపలికి మాత్రం అతనొక్కడే వెళ్ళాడు.

కంటి వెనక పొర దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదు, రెండో కంటికీ భయముంది. "మసక కనిపించిన మొదట్లోనే ఎందుకు రాలేదు? అప్పుడైతే చాలావరకు ఆపేవాళ్ళం" అన్నాడు. మసక కనిపించిన ప్రతిసారీ మానిటర్‌ని వెనక్కి పంపుతూ కూర్చున్నానని భూతద్దం ఎలా చెబుతాడు? కన్ను పోయిన దుఃఖం కంటే ఆ సిగ్గే అతన్ని ఎక్కువ కాల్చింది. మధ్య చూపు పోయినా అంచుల చూపు మిగులుతుంది కాబట్టి, దేన్నయినా చూడాలంటే దాని పక్కకి చూడడం అలవాటు చేసుకోమన్నాడు డాక్టరు. బయటికి వచ్చి మేనకోడలితో, "చుక్కల మందు రాశాడు, తగ్గుతుందట" అన్నాడు.

తగ్గలేదు. చలి మొదలయ్యేసరికి ఎడమ కంట్లోనూ మసక దిగింది. యజమాని చెడ్డవాడు కాదు, పంపించెయ్యలేదు. గోడౌనులో పెట్టెలకు టేపు వేసే పని ఇచ్చాడు. అక్కడివాళ్ళూ అతన్ని భూతద్దం అనే పిలిచేవారు. పిలిచిన ప్రతిసారీ అతనికి ప్రాణం చివుక్కుమనేది.

పోటీ రోజున మేనకోడలు తన గదిలో ఆ మానిటర్ ముందు కూర్చుంది. అతను పక్కన స్టూలు వేసుకున్నాడు. తెర మీద ఏం జరుగుతోందో అతనికి తెలియలేదు, అంచుల్లో రంగులు పరిగెత్తడం తప్ప. తెర మాట మానేసి పిల్లనే చూద్దామనుకున్నాడు. పక్కనున్న బీరువా వైపు మొహం తిప్పితే కంటి కొసన ఆమె కనిపించింది. కింది పెదవి కొరుక్కుంటోంది. చిన్నప్పుడు లెక్కలు చేస్తూ అలాగే కొరుక్కునేది.

ఉన్నట్టుండి ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఇటు తిరిగింది. మొహమంతా నవ్వు.

"గెలిచాం మావయ్యా. ఏంటి, బీరువా వంక చూస్తున్నావు?"

"నిన్నే చూస్తున్నాను తల్లీ."

ఆమె నవ్వు ఆగిపోయింది. మావయ్య బీరువానే తననుకుంటున్నాడు, అంతా అర్థమైందనుకుంది. కుర్చీ మెల్లగా జరుపుకుంటూ వచ్చి బీరువాకు అడ్డంగా, సరిగ్గా అతని చూపు ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు కనిపిస్తున్నానా?"

మొహం ఉండాల్సిన చోట మసక ఉంది. చుట్టూ కాస్త జుట్టు ఉంది.

"బాగా కనిపిస్తున్నావు" అన్నాడు భూతద్దం. పక్కకి చూస్తే పిల్ల నొచ్చుకుంటుందని చూపు అక్కడే నిలిపాడు.